ఐదుగురి తాళాలు ఒక్క కవరులో

బ్లాక్‌చైన్ నోడులు చూడటానికి పనిగట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. మొన్నటిదాకా నేనూ చూడలేదు. కాశీకి పోయినవాళ్లు గంగాజలం తెస్తారు, అరకు పోయినవాళ్లు కాఫీ పొడి తెస్తారు. నేను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు నాలుగు రోజులు తిరిగి తెగిన చెప్పు ఒకటి, మిరప ఘాటుకు పట్టిన దగ్గు ఒకటి తెచ్చుకున్నాను. మీరు ఎలాగూ వెళ్లరు కాబట్టి చెబుతున్నాను.

హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు చెబుతున్నాను. ఈ నోడుల పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. లెక్క ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరు దిద్దేస్తారు. అందుకని అదే లెక్కను వేరువేరు ఊళ్లలో వేరువేరు పెట్టెల్లో పెడతారు. ఒక పెట్టెలో దిద్దితే మిగతావి ఒప్పుకోవు. ఆ పెట్టెల్లో ఒక్కోదాన్ని నోడు అంటారు. అన్నీ ఒకే రకం కావు, ఒక్కోదానికి ఒక్కో పని. ఇంత చిన్న సంగతికి మా పిల్లలు నాలుగు పేజీలు రాస్తారు, నేను ఐదు మార్కులు వేస్తాను.

ఈ పాఠం చూడటానికి బస్సెక్కుతానని అనుకోలేదు. మా చిన్నమ్మ కూతురు రేణుక పెద్దవంగర నుంచి ఫోన్ చేసింది. పురుగుమందు కొట్టకుండా మిర్చి పండించే రైతుల సంఘంలో ఆమె సభ్యురాలు. ఎవరి సంచులెన్నో, ఎవరి చేనువో అన్నీ బ్లాక్‌చైన్‌లో ఎక్కిస్తారు. పట్నం నుంచి వచ్చిన కంపెనీవాళ్లు “ఇక మనిషిని నమ్మే పనే లేదు” అని కరపత్రం కూడా పంచారు. ఇప్పుడు రేణుక నంబరు మీదున్న సంచుల్లో మందు ఆనవాళ్లు దొరికాయట. సంఘంలోంచి ఆమె పేరు కొట్టేశారు.

“అక్కా, నేను మందు కొట్టలే. పద్దెనిమిది సంచులు తూకమేపిచ్చిన. పెట్టెల ఇరవై రెండున్నయంటున్నరు. పెట్టె అబద్ధమాడదట. శుక్రారం మీటింగున్నది. గా పొద్దుమీకి ఆరింటికే కొనేటోళ్లకు పేర్లు పోతయి. అండ్ల నా పేరు లేకుంటె వచ్చేయేడు గూడ లేనట్టే. నువ్వు గదే చదువు చెప్తవ్ గదా, జర వచ్చి చూడు.”

ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. ఏడవలేదు. అందుకే బయలుదేరాను.

రఘునాథపల్లి: నిండిపోయిన పెట్టె

మంగళవారం ఉచిత బస్సులో నిలబడి రఘునాథపల్లిలో దిగాను. టికెట్టు సున్నా రూపాయలు, కాలు పెట్టే చోటూ సున్నానే. బస్టాండు దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు ముప్పై రూపాయలు. హనుమకొండలో ఇదే ధరకు మూడిచ్చి ఉల్లిగడ్డ కోసం బతిమాలించుకుంటారు. ఇక్కడ అడగకుండానే గుప్పెడు వేశాడు. ఆ రోజు నాకు నచ్చినది అదొక్కటే.

మందు కొట్టని రైతుల సంఘం ఆఫీసు ఎక్కడుందంటే, పురుగుమందుల దుకాణం మీద. మెట్లెక్కుతుంటే వాసనకు కళ్లు మండాయి. పైన గదిలో ఒక్కటే ఫ్యాను, అది నోడు మీదికి తిప్పి ఉంది. ఆఫీసు చూసుకునే సోమయ్య చెమటలో తడిసి కూర్చున్నాడు. నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. నేను కంప్యూటర్ లెక్చరర్‌నని తెలియగానే ముందు వాళ్ల ప్రింటర్ బాగు చేయించుకున్నాడు. ముప్పావు గంట పట్టింది. అందులో ఇరుక్కున్న కాగితం ఎవరిదో పెళ్లి శుభలేఖ.

“గిది ఫుల్ నోడు మేడం,” అన్నాడు పెట్టె మీద చెయ్యేసి. “మొత్తం లెక్క గిండ్లనే ఉంటది. కొత్త లెక్క ఏది వచ్చినా మొదలు గిది సరి చూసుకుంటది.”

పాఠం అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. సరే, రేణుక లెక్క మొదటి నుంచి చూపించమన్నాను.

“మొదటియి లేవు మేడం.”

“ఫుల్ నోడు అన్నావు కదా?”

“డిస్కు నిండింది. పాతయి తీసేయాల్నా అని అడిగింది. అవునని కొట్టిన.”

డిస్కు ఎందుకు నిండిందో చూశాను. సంఘం ప్రెసిడెంటు గారి బిడ్డ పెళ్లి వీడియోలు. పసుపు ఒక భాగం, పెళ్లి రెండు భాగాలు, బరాత్ ఊరేగింపు మూడు. మూడు జిల్లాల రైతుల లెక్కకు చోటు లేకపోయింది గానీ, బరాత్‌లో ఎవరో పెద్దాయన కిందపడి లేచి మళ్లీ ఎగిరే ముక్కకు చోటు దొరికింది. పాతవి తీసేసి ఇప్పటి లెక్క మాత్రం ఉంచుకునే పెట్టె కూడా ఒక రకం నోడే, దానికి కత్తిరించిన నోడని పేరు. చోటు తక్కువైనప్పుడు తెలిసినవాళ్లు తెలిసి చేసుకునే ఏర్పాటు అది. ఇక్కడ బరాత్ కోసం జరిగింది.

ఇప్పటి లెక్కలో రేణుక పేరు మీద ఇరవై రెండు సంచులున్నాయి. అవి ఎలా ఇరవై రెండయ్యాయో పెట్టెకు తెలియదు. సోమయ్యను అడిగితే కిందికి చూశాడు.

“పాతయన్ని ఉన్న పెట్టె ఒక్కటున్నది మేడం. మహదేవపూర్ల. ఆర్కైవ్ నోడంటరు. ఎవ్వలు పోరు గాడికి.”

“ఎందుకు పోరు?”

“పాతయి ఎవలికి గావాలె?”

పెద్దవంగర: ఫోను చెప్పిన మాట

బుధవారం తొర్రూరులో దిగితే రేణుక భర్త యాకయ్య ఆటో తెచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్లోకి వస్తుండగా మాత్రం, “ఒదినె, ఆమె కొట్టలే,” అన్నాడు.

కల్లంలో మిర్చి పరిచి ఉంది. నేను వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మాను. రేణుక కొంగు ముక్కుకు కట్టుకుని రంగు పోయిన తాలుకాయ ఏరుతోంది. జొన్న రొట్టె, పండుమిరప తొక్కు, తపాలకు ఒత్తి కాల్చిన సర్వపిండి పెట్టింది. మా ఇంట్లో తొక్కులో నూనె ఎక్కువ, ఘాటు తక్కువ. ఇక్కడ ఒక్క ముద్దకే చెవులు మూసుకుపోయాయి. నీళ్లు తాగొద్దు, బెల్లం ముక్క చప్పరించు అంది. బెల్లం వెతికేలోపు నా కళ్లలో నీళ్లు కారిపోయాయి, అప్పుడే వచ్చిన పొరుగామె నేను ఏడుస్తున్నాననుకుంది.

ఆ పొరుగామె ముసలవ్వ. నన్ను ఓదార్చడానికే మొదలుపెట్టింది.

“ఏడువకు బిడ్డా. నీ చెల్లె మందు కొట్టిందట గదా. ఏం జేస్తం, ఆశ.”

“ఎవరు చెప్పారవ్వా?”

“ఫోన్ల వచ్చింది.”

ఆ ఫోను కథ కూడా చెప్పాలి. సంఘంలో ప్రతి రైతు ఫోనులో ఒక యాప్ ఉంది. దాన్ని లైట్ నోడు అంటారు. లెక్క మొత్తం దానిలో ఉండదు, లెక్క పుస్తకం అట్ట మాత్రం ఉంటుంది. లోపల ఏముందో కావాలంటే పెద్ద నోడును అడిగి, తన దగ్గరున్న అట్టతో సరిపోతుందో లేదో చూసి చెబుతుంది. నిజాయితీ గల ఏర్పాటే. కానీ ఇక్కడి ఫోన్లన్నీ అడిగేది ఆ రఘునాథపల్లి పెట్టెనే. అది ఇరవై రెండంటే ఊరంతా ఇరవై రెండు. రెండు వందల ఫోన్లు గంగిరెద్దుల్లా తలూపుతుంటే, రెండు వందల మంది సాక్షులున్నట్టు ఊరు నమ్మింది. మా స్టాఫ్ రూంలో కూడా ఒక్కరు పుట్టించిన మాటను పదిమంది చెబితే పది మాటలని లెక్కేస్తారు. అక్కడ కనీసం కంపెనీవాళ్లకు డబ్బు కట్టి చేయించుకోలేదు.

రేణుకకు రెండెకరాలు. మూడేళ్లుగా వేపగింజలు దంచి, ఆవు మూత్రం కలిపి, తానే పిచికారీ చేస్తోంది. అరచేతులు మొహం దగ్గరికి తెస్తే ఆ వాసన వస్తుంది. మొదటి ఏడు పంట సగం పురుగు తినేసింది. రెండో ఏడు ఊరు నవ్వింది. ఈ ఏడు పంట నిలబడింది, ఊరు నోరు మూసింది. ఇప్పుడు తీరిగ్గా నోరు తెరిచింది. కాయ ఏరడానికి అందరికన్నా ముందు ఆమె చేనుకే వచ్చే ఆడవాళ్లు ఈ వారం పక్క తోవన పోతున్నారట.

“సంచులు అంగట్ల వోస్త, ఎంతకన్న పోనీ,” అంది రేణుక. “గని దొంగ అన్నరు. గది ఎట్ల పోతది?”

ఆమె మరిది సుధాకర్ పక్క వాటాలోనే ఉంటాడు. అతను మందు కొట్టే రైతే, సంఘంలో లేడు. నన్ను చూసి “బాగున్నవా అక్కా” అని పలకరించాడు. కూర్చోమంటే పనుందని వెళ్లిపోయాడు. నాకు అప్పుడు అనుమానం రాలేదు. నా తెలివి అంతే.

భూపాలపల్లి మీదుగా

గురువారం చీకటితో బయలుదేరాను. పరకాల బస్టాండులో నా చెప్పు తెగింది. కుట్టేవాడు ఇరవై అడిగాడు, కొత్తది కొనుక్కోమని సలహా ఉచితంగా ఇచ్చాడు. కుట్టు భూపాలపల్లి దాకా నిలిచింది.

అక్కడ ఎక్కిన బస్సులో పక్క సీట్లో బొగ్గు బావిలో చేసి రిటైరైన పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే దాచకుండా చెప్పాను. నోడుల్లో రకాలున్నాయని, రూపాయి లాంటి నాణేలు పుట్టించే నెట్‌వర్కుల్లో తవ్వే నోడులు కూడా ఉంటాయని చెప్పాను. తవ్వకం మాట వినగానే ఆయన ఇటు తిరిగాడు.

“ఏం తవ్వుతయి?”

“ఒక అంకె కోసం వెతుకుతాయి బాపూ. ముందు దొరికినవాడికి నాణెం.”

“కరెంటు మస్తు కాలుతదా?”

“ఊళ్లకు ఊళ్లు వాడేంత.”

“గా కరెంటు ఏడికెల్లి వస్తది? మేం తవ్విన బొగ్గుకెల్లే గదా?” అన్నాడు. కాసేపు కిటికీలోంచి మట్టి గుట్టలు చూశాడు. “ముప్పై ఏండ్లు లోపట చేసిన. నా పక్కోడు గండ్లనే పోయిండు. అంకె కోసమా?”

ఈ మిర్చి సంఘం నెట్‌వర్కులో తవ్వేవి లేవని సర్దిచెప్పబోయాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు సిగ్గేసింది, ఎందుకో మాత్రం అప్పుడు తేలలేదు.

మహదేవపూర్: మగ్గం పక్కన

కాటారం దాటాక అడవి, ఆపైన వరి, ఆపైన కాలువ పనుల దుమ్ము. మహదేవపూర్‌లో నోడు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. “కంపెనీ పెట్టె” అంటే వెంటనే చూపించారు. తసర్ పట్టు నేసే ఓదెలు ఇల్లది. అరవై దాటిన మనిషి. కొడుకు మిర్చి వేస్తాడు కాబట్టి ఈయనా సంఘంలో ఉన్నాడు.

మగ్గం పక్కన చెక్క పీట మీద ఆర్కైవ్ నోడు కూర్చుని ఉంది. దానికి దసరా నాటి పసుపు బొట్టు, వాడిపోయిన బంతిపూల దండ. మీద దుమ్ము పడకుండా ఒక పట్టు ముక్క. ఆఫీసులో పెట్టె మీద టీ గ్లాసుల గుండ్రటి మరకలున్నాయి. ఇక్కడ వేలిముద్ర కూడా లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాను ఆపేసి పెట్టెను నడుపుతున్నాడట. ఈయన ముందు వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. ఇబ్బందిగా ఉండింది.

“పాతయన్ని దాసిపెట్టుకుంటదని చెప్పిన్రు,” అన్నాడు. “ఏది ఎప్పుడు మారినా, మారకముందు ఎట్లున్నదో గూడ ఉంచుకుంటదట. మంచిగనిపిచ్చింది. బంద్ చెయ్యొద్దన్నరు, చెయ్యలే. ఇన్ని దినాలల్ల దీన్ని అడుగుదానికి వచ్చింది నువ్వే.”

ఆయన భార్య గోదావరి చేప పులుసు వండింది. మా ఇంట్లో చేపకు మామిడికాయ వేస్తాం, ఈమె చింతపండు, మెంతిపిండితో చేసింది. డబ్బులివ్వబోతే కోప్పడింది. తిన్నాక ముగ్గురం పెట్టె ముందు కూర్చున్నాం.

పావుగంటలో దొరికింది. తూకం రోజు రేణుక పేరు మీద పద్దెనిమిది సంచులు. రెండు రోజుల తర్వాత ఒక సవరణ, ఇరవై రెండు. పక్కన కారణం సోమయ్య టైపు చేశాడు: “ఒకే ఇల్లు, మరిది సంచులు నాలుగు కలిపినవి.”

తర్వాత తెలిసింది, సుధాకర్ బస్తాలు ఆలస్యంగా వచ్చాయి. అంగడి దాకా పోవడం ఎందుకు, మీ వదిన నంబరులో వేసెయ్, ఒక్క ఇల్లే కదా అని తూకం దగ్గరివాళ్లు అతనితో అన్నారు. వేశాడు. ఆమెను ఎవరూ అడగలేదు. ఉమ్మడి వాకిట్లో చీపురు అడిగి తీసుకోరు, అలాగే తీసుకున్నారు ఆమె నంబరు. పరీక్షకు తీసిన మిర్చి ఆ నాలుగు సంచుల్లోదే.

నాకు పట్టరాని సంతోషమైంది. ఓదెలు మాత్రం కింది వరుస చదువుతున్నాడు. ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ చదివాడు. సవరణ ఒప్పుకున్న ఐదుగురి పేర్లవి. ఈ నెట్‌వర్కులో ఏ మార్పు జరగాలన్నా ఐదుగురు రైతుల్లో నలుగురు ఓటు వేయాలి. వాళ్లవి వాలిడేటర్ నోడులు. ఒక్కొక్కరికి పెన్‌డ్రైవ్ లాంటి తాళం ఒకటి, నాలుగంకెల పిన్ను ఒకటి ఇచ్చారు. తాళం పెట్టి పిన్ను కొడితేనే ఓటు. ఆ ఐదు ఓట్లూ ఒక్క నిమిషంలో పడ్డాయి. రేణుక పేరు కొట్టేసినప్పుడు కూడా ఐదూ ఒక్క నిమిషంలోనే. మూడు జిల్లాల్లో ఐదు ఊళ్ల మనుషులు ఒకేసారి లేచి తాళం తీశారా?

“గిది నా పేరు గదా బిడ్డా?” అన్నాడు ఓదెలు.

“మీదే.”

“నేను ఎన్నడు ఒత్తిన?”

“మీ తాళం ఏది?”

“కవర్ల పెట్టి ప్రెసిడెంటుకిచ్చినం. నలుగురం, ఐదోది ఆయినదే. పొయ్యి రావాలంటె దినం పోతది, పెద్దమనిషి దగ్గరుంటె పైలంగుంటదనుకున్నం. మర్శిపోతమని పిన్ను గూడ మీద రాసిచ్చినం.”

రేషన్ కార్డు డీలరు దగ్గర, ఏటీఎం కార్డు వెనక నంబరు రాసి తెలిసినాయన దగ్గర, పట్టా పుస్తకం పటేలు దగ్గర ఉంచే అలవాటే ఇక్కడికీ వచ్చింది. ఏ ఒక్కరినీ నమ్మే అవసరం లేకుండా లక్షలు పోసి కట్టిన యంత్రం మీద, అందరూ కలిసి ఒక్కరినే నమ్మారు. అదీ ఇష్టంగా, మర్యాదగా. ఐదుగురిలో నలుగురు కుమ్మక్కైతే నెట్‌వర్కు చెడిపోతుందని నేను ఏటా బోర్డు మీద రాస్తాను. కుమ్మక్కు అవసరమే లేదని, ఒక కవరు చాలని ఇరవై ఏళ్లలో నాకు తట్టలేదు.

ఓదెలు మగ్గం మీద గుడ్డ కప్పాడు.

“గా పిల్ల ఎవలో నాకెరుకలేదు. ఆమెను దొంగ అన్నకాడ నా పేరున్నది. రేపు నేను గూడ వస్త.”

మళ్లీ పెద్దవంగర: శుక్రవారం

బస్సులో నాకు సున్నా, ఓదెలుకు నిండు టికెట్టు. ఆడోళ్లదే రాజ్యమని ఆయన ఒక్కసారి నవ్వాడు. రైతు వేదికలో మీటింగు మూడింటికి. అరవై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు ఒక పక్క, రేణుక వాళ్లకు కాస్త ఎడంగా.

ప్రెసిడెంటు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. గట్టిగా కూడా మాట్లాడడు. నన్ను “మేడం గారు” అని ముందు వరుసలో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇప్పించాడు. నేను ఓదెలు ఇంట్లో తెర మీద తీసిన ఫొటోలు చూపించి, ఏం జరిగిందో చెప్పాను. పద్దెనిమిది ఎలా ఇరవై రెండయ్యాయో అరవై మందికీ అర్థమైంది. సోమయ్య తలవంచుకుని, “ఒక్క ఇల్లే గదా అని కలిపిన” అన్నాడు. వెనక నుంచి సుధాకర్ లేచాడు.

“ఒదినె, గింత దాక పోతదనుకోలే. చెప్పుదామంటె మొకం చెల్లలే.”

రేణుక అతని వైపు చూడలేదు.

ప్రెసిడెంటు నవ్వేశాడు. “గింతే గదా! తప్పయింది, సరిజేద్దాం. గిప్పుడే.” సంచిలోంచి కవరు తీశాడు. పెళ్లి శుభలేఖ కవరు, మీద బంగారు రంగు వినాయకుడు. లోపల ఐదు తాళాలు, ఒక్కోదానికి పేరు, పిన్ను రాసిన కాగితం చుట్టి రబ్బరు వేసి ఉన్నాయి. “నాలుగు చాలు, నేను ఐదు ఏస్త. అమ్మా రేణుకా, ఖుషేనా?”

జనం చప్పట్లు కొట్టారు. ముసలవ్వ కూడా కొట్టింది. నేనూ కొట్టాను.

“ఆగున్రి,” అంది రేణుక.

ఆమె లేచి ముందుకొచ్చింది.

“మొన్న నన్ను దొంగను జేసింది గీ కవరే. ఇయ్యాల మంచిదాన్ని జేసేది గూడ గిదేనా? మీకు మల్ల కోపమొస్తె మల్ల తీస్తరు. గట్ల వద్దు. ఎవల తాళం ఆళ్లకియ్యిన్రి. నేను మందు కొట్టలే అనిపిస్తె ఆళ్లే ఒత్తాలె.”

నేను ఆమె కొంగు పట్టి లాగాను. “రేణుకా, తీసుకో. ఆరింటికి పేర్లు పోతాయి. పంతాలు తర్వాత.” ఆమె కొంగు విడిపించుకుంది.

ఓదెలు లేచి కవరులోంచి తన తాళం తీసుకున్నాడు. సోమయ్య ల్యాప్‌టాప్‌కు పెట్టి, నాలుగంకెలు ఒక్కొక్కటిగా తన వేలితోనే కొట్టాడు. ఒకటి. ఇంకో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని వచ్చారు. ఒకాయనకు కళ్లద్దాలు లేక అంకె కనపడలేదు, పక్కవాడి అద్దాలు అడిగి పెట్టుకున్నాడు గానీ పిన్ను మాత్రం ఇంకొకరిని కొట్టనివ్వలేదు. మూడు. నాలుగో ఆయన చుట్టాల పెళ్లికి గోదావరి అవతల సిరొంచ పోయాడు, ఆదివారానికి గానీ రాడు, ఫోను కలవడం లేదు. ఐదోది ప్రెసిడెంటుది.

“నా మీద నమ్మకం లేదన్నంక నా ఓటెందుకమ్మా,” అన్నాడు ఆయన, అంతే మర్యాదగా. తన తాళం జేబులో వేసుకుని, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఆయన వెంట సగం మంది వెళ్లారు.

మూడు ఓట్లున్నాయి. ఒక్కటి తక్కువ. బల్ల మీద కవరులో సిరొంచ పోయినాయన తాళం ఉంది. దానికి చుట్టిన కాగితం మీద పిన్ను ఉంది. ఐదుంబావు అయింది. సోమయ్య నా వైపు వంగాడు.

“మేడం, గిది పెడితె నాలుగైతయి. ఒత్తేద్దామా? ఆయిన ఏమనడు, మంచోడు.”

ఏమనడు, నిజమే. రేణుక తప్పు చేయలేదన్నదీ నిజమే. నేను కవరు తీసుకుని తాళం బయటికి లాగాను. రేణుక నా మణికట్టు పట్టుకుంది. మిర్చి ఏరిన చేయి, నా తోలు మండింది. నా వేళ్లలోంచి తాళం తీసుకుని, ఓదెలు చేతిలో పెట్టింది.

“బాపూ, ఆయిన సిరొంచ నుంచి మీ తొవ్వనే వస్తడు గదా. ఆయిన చేతికియ్యి. ఒత్తుడు ఒత్తకపోవుడు ఆయిన ఇష్టం.”

ఆరింటికి పేర్లు పోయాయి. రేణుక పేరు లేకుండా.

యాకయ్య ఆటో తిప్పుతుంటే రేణుక నన్ను సాగనంపడానికి వచ్చింది. బొట్టు పెట్టి, సంచిలో సర్వపిండి పెట్టింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, వచ్చే ఏడు సంగతి నేను కనుక్కుంటానన్నాను.

“నాకోసమే నాలుగు దినాలు తిరిగినవ్ అక్కా, మర్శిపోను,” అంది. “గని గా తాళం నువ్వెట్ల తీసినవ్?”

“నీకు న్యాయం జరగాలని.”

“గా మాటే ప్రెసిడెంటు గూడ అంటడు,” అంది రేణుక. నన్ను తిట్టడానికి అన్నట్టు లేదు. కల్లం ఎత్తాలని లోపలికి వెళ్లిపోయింది.